షరతులకు గణితరూపమిచ్చిన జార్జ్ బూల్

కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయటం నేర్చుకొనే విద్యార్థికి తొలి పాఠాలలోనే ఒక వాక్యం ఎదురవుతుంది. షరతు నిజమైతే ఈ పని చెయ్యి, కాకపోతే ఆ పని చెయ్యి అనేదే ఆ వాక్యం. చూడటానికి చిన్నదే అయినా యంత్రానికి వివేకాన్ని ప్రసాదించేది అదే. ఈ నిజానిజాల విచారణకు గణితపు పునాది వేసిన మహనీయుడు జార్జ్ బూల్. ఆయన కాలానికి నేటి కంప్యూటరు పుట్టనే లేదు.

బూల్ 1815 నవంబరు 2న ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఒక నిరుపేద చెప్పులు కుట్టేవాని ఇంట జన్మించాడు. తండ్రికి వృత్తికన్న గణితం మీద, దుర్భిణుల తయారీ మీద మక్కువ ఎక్కువ. అందుచేత ఇంట విద్యకు కొదువ లేదు గాని, ధనానికి కొదువే. ఉన్నత విద్య బూల్‌కు అందని మానిపండయింది. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, జర్మన్ భాషలను చాలవరకు స్వయంకృషితోనే అభ్యసించాడు. పదునారవ యేట కుటుంబభారం నెత్తిన పడగా ఒక పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. పంతొమ్మిదవ యేట సొంతంగా బడి పెట్టాడు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో ఉన్నత గణితాన్ని తనకు తానే బోధించుకొన్నాడు.

ఆ తపస్సు ఫలించింది. 1844లో రాయల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకం బహూకరించింది. 1849లో ఐర్లండులోని కార్క్ నగరంలో నూతనంగా వెలసిన క్వీన్స్ కళాశాల, పట్టా లేని ఈ పండితుని తన మొదటి గణితాచార్యునిగా నియమించింది. 1847లో, 1854లో ప్రకటించిన రెండు గ్రంథాలలో ఆయన తర్కశాస్త్రాన్ని బీజగణితంగా మలచాడు.

ఆ భావాన్ని మన కళాశాల ఉదాహరణతోనే గ్రహించవచ్చు. ఉర్దూ తెలిసిన వారి సమూహాన్ని ‘ఉ’ అని, తెలుగు తెలిసిన వారి సమూహాన్ని ‘తె’ అని అనుకొందాం. ఈ రెంటి లబ్ధం ఉభయభాషలూ తెలిసిన వారి సమూహం. ఉర్దూ తెలిసిన వారి నుండి మరల ఉర్దూ తెలిసిన వారినే ఏరితే అదే సమూహం మిగులుతుంది. అనగా ‘ఉ’ను ‘ఉ’తో గుణించినా ‘ఉ’యే. అంకెలలో ఈ నియమానికి లోబడేవి 0, 1 మాత్రమే. నేడు అబద్ధానికి 0, నిజానికి 1 సంకేతాలైనాయి.

ప్రతి విషయంలోనూ కనీసం 35 మార్కులు వస్తేనే ఉత్తీర్ణత అనుకొందాం. ఒక విద్యార్థికి తెలుగులో 60, గణితంలో 30 వచ్చాయి. మొదటి షరతు 1, రెండవది 0, లబ్ధం 0. కనుక అతడు ఉత్తీర్ణుడు కాడు. ప్రోగ్రాములో ‘మరియు’కు బదులు ‘లేదా’ వ్రాస్తే అతడే ఉత్తీర్ణుడైపోతాడు. ‘35 లేక అంతకు మించి’ అనవలసిన చోట ‘35కు మించి’ అని వ్రాస్తే, సరిగ్గా 35 తెచ్చుకొన్న విద్యార్థికి అన్యాయం జరుగుతుంది. యంత్రం మన మనస్సును చదవదు, వ్రాసినదానినే పాటిస్తుంది.

1855లో బూల్ మేరీ ఎవరెస్టును వివాహమాడాడు. హిమాలయ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్టు ఆమెకు పెదతండ్రి వరుస. భారతదేశ మహాసర్వేలో లాంబ్టన్‌కు సహాయకుడుగా వచ్చిన ఎవరెస్టు, తొలిరోజులలో మన హైదరాబాదు ప్రాంతంలోనే పనిచేశాడు. ఆ విధంగా ఈ కథలో మన నేలకూ చిన్న బాంధవ్యం ఉన్నది.

1864 నవంబరులో ఒకనాడు బూల్ జోరువానలో నడచి కళాశాలకు వెళ్లి, తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. దానితో జబ్బుపడి, డిసెంబరు 8న నలుబదితొమ్మిదవ యేట కన్నుమూశాడు. భార్య, పసివారైన అయిదుగురు కుమార్తెలు దిక్కులేని వారయ్యారు.

ఆయన బీజగణితం చాలాకాలం పండితుల గ్రంథాలకే పరిమితమై ఉండిపోయింది. 1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానన్, విద్యుత్తు స్విచ్‌ల అమరికకు అది చక్కగా వర్తిస్తుందని తన సిద్ధాంతవ్యాసంలో నిరూపించాడు. నాటి నుండి బూల్ తర్కం యంత్రాలకు ప్రాణమైనది.

విద్యార్థి మిత్రులారా! పేదరికం ఉంటే చదువు లేదు అనే షరతును బూల్ తన జీవితంతో అబద్ధమని నిరూపించాడు. ప్రోగ్రాములో ఒక షరతు వ్రాసిన ప్రతిసారీ ఆ చెప్పులు కుట్టేవాని కుమారుని స్మరించటం మన విధి.