చెప్పుల కార్మికుని కుమారుడు – రాకీ మార్సియానో

అమెరికాలోని బ్రాక్టన్ పట్టణం చెప్పుల కర్మాగారాలకు పేరుపొందింది. ఇటలీ నుండి వలస వచ్చిన ఒక కతోలిక కుటుంబంలో 1923 సెప్టెంబరు 1న అక్కడ రాకో మార్కెజియానో జన్మించాడు. తండ్రి చెప్పుల కర్మాగారంలో కూలి. ఆరుగురు బిడ్డలలో రాకో పెద్దవాడు. పసితనంలో న్యుమోనియా సోకి చావు అంచుల దాకా వెళ్ళి బ్రతికాడు.

చిన్ననాటి నుండి అతని ఆశ బేస్‌బాల్ ఆట మీదే. 1947లో ఒక జట్టు పరీక్షించి వద్దని పంపివేసింది. ఆ తరువాతే ముష్టియుద్ధాన్ని వృత్తిగా చేపట్టాడు. పొట్టి చేతులు, మొరటు అడుగులు, అప్పటికే మీద పడిన వయసు. అయినా అతని కుడిచేతి దెబ్బలో పిడుగుపాటు ఉందని చార్లీ గోల్డ్‌మన్ అనే వృద్ధ శిక్షకుడు గుర్తించి ఓపికగా తీర్చిదిద్దాడు. ఇంటిపేరు పలకడం జనానికి కష్టమవుతోందని దానిని మార్సియానోగా కుదించారు.

ఆ పిడుగుపాటే ఒకనాడు అతనికి శాపమైంది. 1949 డిసెంబరు 30న న్యూయార్కులో కార్మైన్ వింగో అనే 20 ఏళ్ళ యువకునితో తలపడ్డాడు. ఆరవ రౌండులో మార్సియానో దెబ్బకు వింగో కూలి స్పృహ కోల్పోయాడు. ఆసుపత్రిలో అతనికి గురువులు అవస్థ అభ్యంగనం ఇచ్చారు. గెలిచినవాడు సంబరం మరచి, ఆ యువకుని ప్రాణం కోసం దేవుని వేడుకున్నాడు. ఈ వృత్తినే విడిచిపెట్టాలని తలచాడు. దేవుని కృపవలన వింగో కోలుకున్నాడు కాని, తిరిగి బరిలోకి దిగలేకపోయాడు. మరుసటి ఏడాది 1950 డిసెంబరు 31న మార్సియానో వివాహం జరిగినప్పుడు అతిథులలో వింగో కూడా ఉన్నాడు.

1951 అక్టోబరులో తాను చిన్నప్పటి నుండి ఆరాధించిన జో లూయిస్‌ను ఎనిమిదవ రౌండులో పడగొట్టవలసి వచ్చింది. ఆ రాత్రి ఓడినవాని గదికి వెళ్ళి గెలిచినవాడే కన్నీరు పెట్టుకున్నాడు.

1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో ప్రపంచ విజేత జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే అతనిని నేలపడవేశాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ మార్సియానో వెనుకబడే ఉన్నాడు. పదమూడవ రౌండులో కుడిచేతి దెబ్బ ఒక్కటి పడింది. కిరీటం చేతులు మారింది. 1954లో ఎజార్డ్ చార్లెస్‌తో రెండవ పోటీలో ముక్కు చీలి నెత్తురు కారుతున్నా, పోరు ఆపివేస్తారని తెలిసి ఎనిమిదవ రౌండులోనే ముగించాడు.

49 పోటీలు, 49 విజయాలు. వాటిలో 43 నాకౌట్లు. 1956 ఏప్రిల్ 27న, ఇంకా 32 ఏళ్ళ వయసులోనే, భార్యాబిడ్డలతో గడపాలని విరమణ ప్రకటించాడు. ఎంత ధనం చూపినా తిరిగి పోటీకి దిగలేదు. 1969 ఆగస్టు 31న, తన 46వ జన్మదినానికి ఒక్కరోజు ముందు, అయోవా రాష్ట్రంలో చిన్న విమానం కూలి మరణించాడు.

ప్రియ పాఠకులారా! బలం దేవుడిచ్చిన వరమే. అయితే ఆ బలం వలన ఎదుటివాడు పడిపోయినప్పుడు మన హృదయం ఏమంటుందన్నదే అసలు పరీక్ష. 49 విజయాలను లోకం లెక్కపెట్టింది. పెండ్లి పందిట్లో వింగోకు ఇచ్చిన చోటును మన ఇళ్ళలో బిడ్డలకు చెప్పుకుందాం.