తంతువుల జాడ తీసిన వాల్టర్ ఫ్లెమింగ్

పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగానికే ప్రాణులన్నీ కణమయాలనీ, కణం నుంచే కణం పుడుతుందనీ శాస్త్రజ్ఞులు గ్రహించారు. అయితే ఒక కణం రెండయ్యే వేళ దాని నడుమనున్న కేంద్రకం ఏమవుతుంది? అది కరిగిపోయి, కొత్త కణాలలో మళ్లీ ఏర్పడుతుందని కొందరు, నడుము నొక్కుకొని రెండు తునకలవుతుందని మరికొందరు వాదించేవారు. ఈ వివాదాన్ని తేల్చడంలో అగ్రగణ్యుడు వాల్టర్ ఫ్లెమింగ్.

ఆయన 1843 ఏప్రిల్ 21న జర్మనీలోని ష్వెరీన్ నగర సమీపాన జన్మించాడు. తండ్రి మానసిక వైద్యుడు. ఫ్లెమింగ్ రోస్టాక్‌లో వైద్యవిద్య ముగించి, 1870-71 నాటి ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేశాడు. కొంతకాలం ప్రాగ్‌లో బోధించి, 1876లో కీల్ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆయన కీర్తికి కారణమైన కృషి అక్కడే సాగింది.

సూక్ష్మదర్శినిలో కణం నీటిబొట్టువలె పారదర్శకంగా కనిపిస్తుంది. అందులోని భాగాలు విడివిడిగా తెలియాలంటే రంగు వేయక తప్పదు. ఆనాడు కొత్తగా వచ్చిన అనిలిన్ అద్దకాలను ఫ్లెమింగ్ సాలమాండర్ డింభకాల కణాలపై ప్రయోగించాడు. ఆ జీవి కణాలు పెద్దవి, వాటిలోని పోగులు కూడా పెద్దవే. కేంద్రకంలో రంగును గాఢంగా పీల్చుకొన్న పదార్థానికి ఆయన, వర్ణమనే అర్థంగల గ్రీకు పదం నుంచి, క్రొమాటిన్ అని పేరుపెట్టాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రంగు వేసే ప్రక్రియలో కణం మరణిస్తుంది. మృతకణంలో కనిపించేది ఒక్క క్షణపు రూపమే. దారం తెగి, ఆకులు చెదిరి, అంకెలు చెరిగిన తాళపత్ర గ్రంథాన్ని విషయాన్ని బట్టి వరుస పేర్చే పండితునివలె, ఆయన వందలాది రూపాలను ఒక క్రమంలో కూర్చాడు. అంతటితో తృప్తిపడక, బతికున్న కణాలలో విభజనను గంటల తరబడి కనిపెట్టి, తన వరుస సరైనదేనని నిర్ధారించుకొన్నాడు.

చిక్కుపడిన నూలువలె ఉన్న క్రొమాటిన్ విభజన మొదట్లో పొట్టి, మందపు పోగులవుతుంది. అవి కణమధ్యంలో బారులు తీరుతాయి. పిమ్మట ఎదురెదురు ధ్రువాలకు తరలి, అక్కడ రెండు కేంద్రకాలుగా రూపొందుతాయి. ఇప్పుడు మీరు జీవశాస్త్రంలో ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ అని చదివేది ఈ క్రమాన్నే. వీటన్నిటిలో ఫ్లెమింగ్ గుర్తించిన గొప్ప విషయం వేరొకటి ఉంది: ప్రతి పోగూ అడ్డంగా తెగదు, నిలువునా చీలుతుంది. అందుచేతనే పిల్లకణాలు రెండింటికీ సమానభాగం దక్కుతుంది. విభజనకు ముందే, అంతర్దశలో, పోగులోని డి.ఎన్.ఏ. రెట్టింపై ఉంటుందని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది.

1882లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఈ విభజనకు మైటాసిస్ అని పేరుపెట్టాడు. గ్రీకులో దారమని దాని మూలార్థం. మన తెలుగులో సమవిభజన అంటున్నాం. సంస్కృతంలో తంతువంటే దారమే కాక సంతానమనీ అర్థముంది. ఆ దారాలే వంశలక్షణాలను మోస్తాయని మాత్రం ఫ్లెమింగ్ ఊహించలేదు. మెండెల్ బఠానీ మొక్కలపై రాసిన వ్యాసం 1866లోనే అచ్చయినా అది ఆయన దృష్టికి రాలేదు. ఆ పోగులకు క్రోమోసోములనే పేరును 1888లో వాల్డేయర్ పెట్టాడు. అనువంశికతతో వాటికున్న సంబంధాన్ని 1902-03లో బోవెరీ, సటన్ వేర్వేరుగా ప్రతిపాదించారు.

ఫ్లెమింగ్ వివాహం చేసుకోలేదు. జీతంలో ఐదోవంతు నిరాశ్రయుల వసతిగృహానికి ఇచ్చేవాడనీ, బడికి వెళ్లలేని పేదపిల్లలకు గణితం, విజ్ఞానశాస్త్రం స్వయంగా బోధించేవాడనీ చెబుతారు. అనారోగ్యం వల్ల చివరి సంవత్సరాలలో పరిశోధన మందగించింది. 1905 ఆగస్టు 4న కీల్‌లోనే కన్నుమూశాడు.