డీజిల్ అంటే ఒక మనిషి పేరు

మా ఇటిక్యాల స్టేషన్‌లో ఆగే బండ్లు తక్కువ, ఆగకుండా పోయేవే ఎక్కువ. గద్వాల వైపు నుంచి కర్నూలు పోయే బండి కంటికి కనిపించకముందే చెవికి తెలిసిపోయేది. ముందు గుడగుడమని ఒక మోత, తర్వాత పైకి లేచే నల్లటి పొగ, ఆ తర్వాత ఇంజన్. చిన్నప్పుడు మేం దాన్ని డీజిల్ అనే పిలిచేవాళ్లం. డీజిల్ వచ్చింది, డీజిల్ పోయింది. అది ఒక మనిషి ఇంటిపేరని నాకు తెలిసింది బీటెక్ సెకండియర్ థర్మోడైనమిక్స్ క్లాసులో. బోర్డు మీద డీజిల్ సైకిల్ గ్రాఫ్ గీసి, నాలుగు మార్కులకు వస్తుందని చెప్పి వదిలేశారు. ఆ మనిషి గురించి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మా లైన్ మీద కరెంటు తీగలు వచ్చేశాయి. పాత డీజిల్ లోకోలను రైల్వే ఒక్కొక్కటిగా పక్కన పెడుతోంది. కొన్ని పక్క దేశాలకు పోతున్నాయి. 2020లో పది లోకోలను మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. కాలం తీరినవి ఆన్‌లైన్ వేలంలో స్క్రాప్‌గా పోతాయి. కొన్నవాళ్లు గ్యాస్ కట్టర్లతో కోసి ఇనుము ఒక పక్క, రాగి ఒక పక్క వేసి అమ్ముకుంటారు. అక్కడక్కడ మాత్రం ఎవరో ఒకరు పట్టుబట్టి ఒక లోకోను కోతకు పోకుండా ఆపుతారు.

పాత ఇనుమును దాచి ఏం చేస్తారు అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. రుడాల్ఫ్ డీజిల్ జీవితం చదివాక నా ఆలోచన మారింది.

మ్యూజియం చుట్టూ తిరిగిన పిల్లాడు

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మన్లు, బతుకుదెరువు కోసం పారిస్‌లో ఉంటున్నారు. నాన్న థియోడర్ పుస్తకాల బైండింగ్, తోలు సామాన్ల పని చేసేవాడు. డబ్బు అంతంత మాత్రమే.

ఆ పిల్లాడికి ఊర్లో బాగా ఇష్టమైన చోటు పాత యంత్రాల మ్యూజియం. కున్యో అనే ఫ్రెంచి ఇంజనీరు 1770 ప్రాంతంలో చేసిన ఆవిరి బండి అప్పటికే అక్కడ ఉంది. గుర్రం లేకుండా తనంతట తాను నడిచిన తొలి బండ్లలో అదొకటి. వందేళ్ల కింద పనికిరాదని పక్కన పడేసిన బండే అది. ఎవరూ కరిగించలేదు కాబట్టి ఒక బైండింగ్ పనివాడి కొడుకు చూసేందుకు మిగిలింది.

1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం మొదలైంది. పారిస్‌లోని జర్మన్లు వెళ్లిపోవాల్సి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. అక్కడా పూట గడవడం కష్టమైంది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. రుడాల్ఫ్‌కు చదువు అక్కడే పట్టుబడింది. పద్నాలుగేళ్లకే ఇంజనీర్ అవుతానని ఇంటికి ఉత్తరం రాశాడు. స్కూల్లో టాపర్‌గా నిలిచాడు.

1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్ నుంచి స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంట్లో వాళ్లు మాత్రం చదివింది చాలు, ఏదైనా పనిలో చేరి సంపాదించమన్నారు. ఈ మాట మనలో చాలామంది విన్నదే. రుడాల్ఫ్ స్కాలర్‌షిప్ వైపే వెళ్లాడు.

ఒక క్లాసు, ఒక బ్యాక్‌లాగ్

మ్యూనిక్‌లో అతనికి పాఠం చెప్పింది కార్ల్ ఫాన్ లిండె. శీతలీకరణ యంత్రాలకు పేరున్న శాస్త్రవేత్త. ఆవిరి ఇంజన్‌లో బొగ్గు ఇచ్చే వేడిలో పదో వంతు కూడా పనిగా మారదని, మిగతాదంతా వృథాగా పోతుందని ఆయన క్లాసులో లెక్క కట్టి చూపించాడు. ప్రపంచంలోని రైళ్లు, ఫ్యాక్టరీలు అన్నీ ఆవిరి మీదే నడుస్తున్న రోజులవి. అంత వృథాను ఆపే ఇంజన్ ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న రుడాల్ఫ్‌ను మళ్లీ వదల్లేదు.

1879లో ఫైనల్ పరీక్షల టైమ్‌కు టైఫాయిడ్ వచ్చింది. తోటివాళ్లు పాసై వెళ్లిపోయారు, ఇతను మిగిలిపోయాడు. మళ్లీ పరీక్ష పెట్టేదాకా ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో సుల్జర్ కంపెనీలో చేరి పని నేర్చుకున్నాడు. ఇప్పటి మాటల్లో ఇంటర్న్‌షిప్ అన్నమాట. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యుత్తమ మార్కులతో పాసయ్యాడు. సుల్జర్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఉద్యోగం లిండె కంపెనీలోనే, పారిస్‌లో ఐస్ ఫ్యాక్టరీ. ఏడాదిలో దానికి డైరెక్టర్ అయ్యాడు. 1883లో మార్తాతో పెళ్లయింది, తర్వాత ముగ్గురు పిల్లలు. పగలు ఐస్ పని, మిగతా టైమ్‌లో తన ఇంజన్ ఆలోచన. దాదాపు పదేళ్లు అలాగే గడిచాయి. 1890లో బెర్లిన్‌కు మారాడు.

పేలిన ఇంజన్ నుంచి పనిచేసిన ఇంజన్ దాకా

రుడాల్ఫ్ ఆలోచన వినడానికి సింపుల్. సైకిల్‌కు గాలి కొడితే పంపు అడుగున వేడెక్కుతుంది కదా, అదే సూత్రం. సిలిండర్‌లో గాలిని బాగా నొక్కితే విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి ఇంధనం పంపితే దానంతట అదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు, బాయిలర్ అక్కర్లేదు. 1893 ఫిబ్రవరిలో జర్మన్ పేటెంట్ వచ్చింది.

పేటెంట్ కాగితం వేరు, ఇనుము వేరు. ఆగ్స్‌బర్గ్ మెషిన్ ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టాయి. 1893 ఆగస్టులో తొలి పరీక్షలోనే ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరాయి. అక్కడున్నవాళ్లు ఎలాగో బయటపడ్డారు. 1894 ఫిబ్రవరిలో ఇంజన్ తన సొంత శక్తితో తిరిగింది. ఎంతసేపని అడిగితే ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషాన్ని నమ్మదగిన ఇంజన్‌గా మార్చడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ స్వయంగా పరీక్షించాడు. సుమారు 20 హార్స్‌పవర్, సామర్థ్యం 26.2 శాతం. లిండె క్లాసులో విన్న పదో వంతు లెక్కతో పోల్చి చూడండి.

ఆ ఇంజన్ ఇప్పటికీ ఉంది, మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో. అంతకన్నా మంచి ఇంజన్లు వేలకు వేలు వచ్చినా దాన్ని కరిగించలేదు.

డబ్బు వచ్చింది, నిలవలేదు

అదే ఏడాది అమెరికాలో బీర్ కంపెనీ యజమాని అడాల్ఫస్ బుష్ అక్కడి హక్కులను పది లక్షల మార్కులకు కొన్నాడు. 1898లో రుడాల్ఫ్ తన హక్కులన్నీ ఒక కొత్త కంపెనీకి 35 లక్షల మార్కులకు ఇచ్చేశాడు. నలభై ఏళ్లకే కోటీశ్వరుడు.

కానీ మొదట అమ్ముడుపోయిన ఇంజన్లు కస్టమర్ల దగ్గర మొరాయించాయి. ల్యాబ్‌లో తిరిగినట్టు ఫ్యాక్టరీలో తిరగలేదు. ఫిర్యాదులు, పేటెంట్ గొడవలు, వాటితో పాటు పాడైన ఆరోగ్యం. మ్యూనిక్‌లో పెద్ద ఇల్లు కట్టాడు. భూముల మీద, ఇతర వ్యాపారాల మీద డబ్బు పెట్టాడు. అవి ముంచేశాయి. ఇంజన్‌లో వృథా ఎక్కడవుతోందో పట్టుకున్న మనిషికి సొంత డబ్బు ఎక్కడ కారిపోతోందో అందలేదు.

ఇంజన్ మాత్రం ముందుకే వెళ్లింది. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజన్‌ను పల్లీ నూనెతో నడిపి చూపించారు. 1912లో సెలాండియా అనే పెద్ద ఓడ డీజిల్ ఇంజన్లతో సముద్రం మీదికి వెళ్లింది. మిగిలింది రైలు.

మొదటి డీజిల్ లోకో ఏమైంది?

రైలు కోసం రుడాల్ఫ్, ఇంజనీర్ అడాల్ఫ్ క్లోజె, సుల్జర్ కంపెనీ కలిశారు. కుర్రాడిగా పని నేర్చుకున్న అదే సుల్జర్. 1912లో సుమారు 95 టన్నుల లోకోమోటివ్ తయారైంది. దాదాపు 1200 హార్స్‌పవర్, గంటకు 100 కిలోమీటర్ల వేగం దాని లక్ష్యం. వింటర్‌తూర్ నుంచి రోమన్స్‌హార్న్ లైన్ మీద నడిపి చూశారు.

చిక్కు ఒక్కచోట వచ్చింది. డీజిల్ ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు లాగలేదు, ముందు తిరగాలి. ఈ లోకోలో ఇంజన్‌ను నేరుగా చక్రాలకే కలిపారు. కాబట్టి బండి కదలడానికి నిల్వ ఉంచిన గాలితో తోయాలి, వేగం అందుకున్నాకే డీజిల్ పని మొదలవుతుంది. అది సరిగ్గా కుదరలేదు. 1914లో ప్రపంచయుద్ధం రావడంతో పరీక్షలు ఆగిపోయాయి. ఆ లోకో ఈరోజు ఎక్కడా లేదు. ఫెయిలైన యంత్రాన్ని ఎవరు దాస్తారు? ప్రపంచంలోని మొదటి పెద్ద డీజిల్ లోకోమోటివ్, అదీ డీజిల్ చేయి పడినది, మనకు ఫొటోలు, డ్రాయింగుల్లోనే మిగిలింది. ఆ తప్పును చేత్తో తాకి నేర్చుకునే అవకాశం పోయింది.

రుడాల్ఫ్ ఆ యుద్ధం దాకా కూడా లేడు. 1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. లండన్‌లో కంపెనీ మీటింగ్ ఉంది. రాత్రి భోజనం చేసి తన గదిలోకి వెళ్లాడు. తెల్లారి చూస్తే లేడు, పరుపు మీద పడుకున్న గుర్తే లేదు. కొన్ని రోజులకు సముద్రంలో ఒక శవం దొరికింది. జేబుల్లోని వస్తువులను చూసి కొడుకు యూజెన్ గుర్తుపట్టాడు. ఏం జరిగిందో ఈరోజుకీ ఎవరూ తేల్చలేదు. అప్పులు ఎంత దూరం వెళ్లాయో మాత్రం అతను పోయాకే బయటపడింది. జాబ్ వేటలో ఉన్నవాళ్లు, లోన్ నెత్తిన ఉన్నవాళ్లు ఈ ఒక్క ముక్క దగ్గర ఆగండి. లెక్క ఎంత చెడ్డదైనా ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

దాచినవాళ్ల పని

అతను ఆగిన చోట నుంచి వేరేవాళ్లు ముందుకు తీసుకెళ్లారు. ఇంజన్‌ను చక్రాలకు కలపకుండా జనరేటర్‌కు కలిపి, ఆ కరెంటుతో మోటార్లు తిప్పారు. 1962లో అమెరికాలోని ఆల్కో నుంచి మన దేశానికి వచ్చిన డబ్ల్యూడీఎం-2 లోకో అలాంటిదే. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, ఆరు ట్రాక్షన్ మోటార్లు. 1964 నుంచి వారణాసిలో మనమే తయారుచేసుకున్నాం. కాజీపేట, గుత్తి, గుంతకల్లు, మౌలాలి షెడ్లలో వందలాది మంది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఈ డీజిళ్ల మీదే బతికారు. అమెరికా నుంచి వచ్చిన మొదటి లోకోను ఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియంలో దాచారు.

బ్రిటన్‌లో మామూలు జనమే ఈ పనికి దిగారు. అక్కడ డెల్టిక్ అనే 3300 హార్స్‌పవర్ డీజిళ్లు 22 ఉండేవి. అవి రిటైరవుతాయని ముందే పసిగట్టి అభిమానులు 1977లో సొసైటీ పెట్టుకున్నారు, చందాలు పోగేశారు. 1982 మొదట్లో లోకోలు ఆగిపోయాయి, ఆ ఏడాదే రెండింటిని కొన్నారు. తర్వాత ఇంకోటి. మిగతా కొనుగోలుదారులతో కలిపి 22లో ఆరు బతికాయి.

కొనడం ఇందులో చిన్న భాగమే. వంద టన్నుల బరువును నిలబెట్టడానికి పట్టాలున్న జాగా కావాలి. వానకు తడిస్తే వైరింగ్ పోతుంది, నీళ్లు వదిలేస్తే ఇంజన్ బ్లాక్ తుప్పు పడుతుంది, బ్యాటరీలు చస్తాయి. స్పేర్ పార్టులు బజార్లో దొరకవు, ఒక లోకో బతకాలంటే ఇంకో లోకోను విప్పాల్సి వస్తుంది. అన్నిటికన్నా ముందు అరుదైపోయేది మనిషి. ఏ మోతకు ఏ వాల్వ్ చూడాలో తెలిసిన ఫిట్టర్ రిటైరైతే ఆ జ్ఞానం వేలంలో కూడా దొరకదు.

మనం లోకో కొనలేం, నిజమే. కానీ ఆ ఫిట్టర్ మీ ఊర్లోనో పక్క ఊర్లోనో ఉండొచ్చు. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు ప్రాజెక్ట్ టాపిక్ కోసం నెట్‌లో వెతికే బదులు ఆయన దగ్గర రెండు ఆదివారాలు కూర్చోండి. ఇంజన్ భాగాల ఫొటోలు, ఆయన వాడిన మాన్యువల్, రిపేరు చేసిన తీరు రాసిపెట్టండి. ఇంటర్వ్యూలో డీజిల్ సైకిల్ గీయమంటే అందరూ గీస్తారు. ఆ ఇంజన్ చలికాలం పొద్దున ఎందుకు మొరాయిస్తుందో చెప్పగలిగేవాళ్లు ఎందరుంటారు?

మొన్న ఊరికెళ్లినప్పుడు ఇటిక్యాల స్టేషన్‌లో నిలబడ్డాను. కరెంటు ఇంజన్ బండి చప్పుడు పెద్దగా లేకుండా దాటిపోయింది. పొగ లేదు, మంచిదే. పక్కన నిలబడ్డ మా అక్క కొడుకు, డీజిల్ అంటే ఏంది మామా, బంకులో పోసేదా అని అడిగాడు. కాదురా, ఒక మనిషి పేరు అని చెప్పడం మొదలుపెట్టాను. చూపించడానికి ఒక ఇంజన్ కూడా ఉంటే బాగుండేది అనిపించింది.