ఆరో తరగతితో బడి మానేసిన సీఎం.. పేద పిల్లల కంచంలో అన్నం పెట్టి చదివించారు!

మధ్యాహ్నం బెల్ కొట్టగానే ప్లేట్లు పట్టుకుని లైన్ కట్టే పిల్లలు.. ఇవాళ ఏ ఊరి సర్కారు బడికి వెళ్లినా కనిపించే సీన్ ఇదే. దాదాపు 70 ఏళ్ల కిందటే దీన్ని పల్లెపల్లెకూ తీసుకెళ్లిన నేత కామరాజ్.

1903 జులై 15న తమిళనాడులోని విరుదునగర్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. ఇల్లు గడవడం కష్టమైంది. ఆరో తరగతితోనే బడి మానేసి మేనమామ బట్టల కొట్టులో పనికి కుదిరారు. తర్వాత స్వాతంత్య్ర పోరాటంలోకి దూకారు. మొత్తం కలిపి 9 ఏళ్ల దాకా జైల్లోనే గడిపారు. ఆగిపోయిన చదువును అక్కడే పుస్తకాలతో కొనసాగించారు.

సీఎం అయ్యాక ఏం చేశారు?

1954లో మద్రాస్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఒక పూట బడి, మరో పూట ఇంటి పని అనే రాజాజీ పథకం నడుస్తోంది. కులవృత్తికే పిల్లల్ని కట్టేస్తోందని దానిపై జనం మండిపడ్డారు. కామరాజ్ వచ్చీ రాగానే దాన్ని ఎత్తేశారు. ఊరూరా కొత్త బడులు తెరిపించారు.

బడి ఉన్నా పిల్లలు రావట్లేదు. కారణం ఆకలి! బడికెళితే ఆ రోజు కూలి పోతుంది, పశువులు కాసేవాళ్లు ఉండరు. పేద ఇంటి లెక్క అది. ఒక పూట అన్నం బడిలోనే దొరికితే ఆ లెక్క మారుతుంది. ఇదే ఆయన పట్టుకున్న పాయింట్.

మద్రాస్ కార్పొరేషన్ బడుల్లో 1920ల్లోనే తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి హయాంలో భోజనం మొదలైంది. కానీ అది నగరానికే పరిమితం. కామరాజ్ 1956లో ఎట్టయపురంలో ప్రారంభించి పల్లెలకు విస్తరించారు. మొదట్లో ఊరివాళ్లే చందాలు, బియ్యం ఇచ్చారు. ఆ తర్వాత సర్కారు నిధులు తోడయ్యాయి. 1960 నుంచి యూనిఫాం కూడా ఇచ్చారు. అందరూ ఒకే డ్రెస్‌లో ఉంటే పేద, ధనిక తేడా కనిపించదు కదా!

చివరికి ఏమైంది?

పార్టీ పని కోసం 1963లో సీఎం కుర్చీ వదిలేశారు. 1967లో సొంతూరు విరుదునగర్‌లోనే ఓ విద్యార్థి నేత చేతిలో ఓడిపోయారు. 1975 అక్టోబర్ 2న కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, ఆస్తులు కూడబెట్టలేదు. మరుసటి ఏడాది భారతరత్న దక్కింది.

1995లో మధ్యాహ్న భోజనం దేశవ్యాప్త పథకమైంది. ఉమ్మడి ఏపీ బడుల్లో 2003 నుంచి వేడి వేడి అన్నం వడ్డిస్తున్నారు. ఆకలితో బడి మానేసిన ఆ పిల్లాడి పుట్టినరోజే ఇప్పుడు తమిళనాడులో విద్యాభివృద్ధి దినం.