చందమామ చక్రపాణిగారు

పిల్లల బొమ్మల కథలలో అదృష్టము చెప్పకయే వచ్చును. కట్టెలు కొట్టువాడు రాజగును. రాజు అడవుల పాలగును. ఇట్టి కథలను నెలనెల మన ముంగిటికి తెచ్చిన చక్రపాణిగారికి మాత్రము అదృష్టము దురదృష్టపు వేషమున వచ్చినది.

వారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో తెనాలిలో జన్మించిరి. యౌవనముననే క్షయ సోకెను. ఆనాటికి ఆ వ్యాధిని కుదుర్చు మందు లేదు. మదనపల్లె శానిటోరియమున చికిత్స పొందుచు, తోటి రోగియగు ఒక వంగదేశీయుని వద్ద వారు బెంగాలీ నేర్చిరి! ప్రాణము నిలుచునో లేదో తెలియని వేళ పరభాషకు ఓనమాలు దిద్దుట మాకు నేటికిని వింతగనే తోచును. కోలుకొని శరత్‌చంద్రుని నవలలను తెనిగించిరి.

పిమ్మట చెన్నపట్టణమున బి. నాగిరెడ్డిగారితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ను తెలుగు, తమిళములలో వెలువరించిరి. తొలినాళ్ళలో అది అచ్చయినది మన సౌకార్‌పేటనుండి నడచిపోదగిన ఆచారప్పన్ వీధిలోనే. పుటపుటకు బొమ్మ యుండెడిది. విక్రమార్కుని భుజమునుండి బేతాళుడు నెలనెల జారిపోయెడివాడు. పాపము, ఆ రాజు దురదృష్టమే పిల్లల అదృష్టము, కథ ఆగలేదు గదా!

‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రములు నిర్మించిన విజయా సంస్థయు వారిరువురిదే. చక్రపాణిగారు 1975లో కీర్తిశేషులైరి. ‘చందమామ’యు నేడు వెలువడుట లేదు. అటకలపై పాత సంచికలున్న తలిదండ్రులు వానిని మా గ్రంథాలయమునకు పంపినచో, చదివి భద్రముగా మరల అందజేయుదుము.