ఫ్రెనెల్ వెలుతురు, మన హెడ్‌లైట్

ఫస్టియర్ ఫిజిక్స్‌లో మనందరికీ ఆయన ఒక రెండు మార్కుల ప్రశ్న. ఫ్రెనెల్ డిఫ్రాక్షన్‌కీ ఫ్రాన్‌హోఫర్ డిఫ్రాక్షన్‌కీ తేడాలు రాసేస్తాం, పరీక్ష అయిపోగానే ఇద్దర్నీ మర్చిపోతాం. రాత్రిపూట హైవే మీద ఎదురుగా వచ్చే బండి లైట్లు కళ్ళలో ఎందుకు కొడతాయో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, నాకు ఫ్రెనెల్ మళ్ళీ తగిలాడు. బతికింది 39 ఏళ్ళే. కానీ వెలుతురు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, అది ఎక్కడికి వెళ్తుందన్నది కూడా ముఖ్యమేనని లెక్క కట్టి చూపించిన మనిషి.

అగస్టిన్ జాన్ ఫ్రెనెల్ 1788 మే 10న ఫ్రాన్స్‌లోని నార్మండీలో, బ్రోగ్లీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఆర్కిటెక్ట్. ఎనిమిదేళ్ళు వచ్చినా సరిగ్గా చదవడం రాలేదట. కానీ కొమ్మలతో బొమ్మ విల్లులు, తుపాకులు చేయడంలో దిట్ట. అవి ఎంత బాగా పనిచేసేవంటే, దెబ్బలు తగులుతున్నాయని పెద్దవాళ్ళు ఆ ఆటనే ఆపించేశారు. 16 ఏళ్ళకి ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు, ఆ తర్వాత రోడ్లు, వంతెనల ఇంజనీరింగ్ కాలేజీ. అంటే మన సివిల్ బ్రాంచ్ అన్నమాట.

ఉద్యోగం కూడా రోడ్లు వేయించడమే. ఊరికి దూరంగా, కూలీలతో, లెక్కల పుస్తకాలతో గడిచే జీవితం. ఒంట్లో బలం మొదటినుంచీ తక్కువే. సాయంత్రాలు మాత్రం వెలుతురు గురించి ఆలోచించేవాడు. 1815లో నెపోలియన్ తిరిగి వచ్చినప్పుడు, ఆయన్ని వ్యతిరేకించే వైపు చేరడంతో ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. అమ్మ ఉండే మాత్యూ అనే ఊరికి వెళ్ళిపోయాడు. ల్యాబ్ లేదు, మంచి లెన్స్ లేదు. ఒక రేకుకి చిన్న చిల్లు పెట్టి, అందులో తేనె చుక్క వేసి, దాన్నే లెన్స్‌గా వాడుకున్నాడు. ఆ తేనె చుక్కతోనే నీడల అంచుల్లో కనిపించే చారలను కొలిచాడు.

అప్పట్లో వెలుతురంటే కణాలేనని పెద్దవాళ్ళందరి నమ్మకం. అలలు అని ఫ్రెనెల్ వాదన. 1818లో అకాడమీ పోటీకి ఆయన తన లెక్కలు పంపాడు. జడ్జీల్లో ఒకడైన పోయసాన్ కణాల పక్షం. ఫ్రెనెల్ చెప్పిందే నిజమైతే గుండ్రటి బిళ్ళ నీడ సరిగ్గా మధ్యలో వెలుతురు చుక్క కనబడాలి, అలా ఎక్కడైనా ఉంటుందా అని ఆయన తప్పు పట్టాడు. అరాగో అనే ఇంకో జడ్జి నిజంగానే ప్రయోగం చేసి చూశాడు. చుక్క కనబడింది! 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే వచ్చింది.

ఇక్కడితో ఆగినా పాఠ్యపుస్తకంలో పేరు ఉండేది. కానీ అదే ఏడాది ఫ్రాన్స్ ప్రభుత్వపు లైట్‌హౌస్ కమిషన్‌లో పని అప్పగించారు. అప్పటి లైట్‌హౌసుల్లో దీపం వెనక లోహపు అద్దాలు ఉండేవి. అవి వెలుతురులో దాదాపు సగం మింగేసేవి. మిగిలిన దాంట్లో కూడా కొంత ఆకాశంలోకి, కొంత కింద రాళ్ళ మీదకి పోయేది. ఓడలో ఉన్నవాడికి చేరేది చాలా తక్కువ.

అద్దం బదులు లెన్స్ పెడదామంటే, అంత పెద్ద లెన్స్ భయంకరమైన మందం, బరువు ఉంటుంది. ఫ్రెనెల్ ఒకటి గమనించాడు. వెలుతురును వంచేది గాజు ఉపరితలం తిరిగే కోణమే, లోపలి మందం కాదు. మనం కోడ్‌లో పనికిరాని లైన్లు తీసేసినట్టు ఆ మందం తీసేసి, లెన్స్‌ని మెట్లు మెట్లుగా, వలయాలుగా చేశాడు. ఇలాంటి ఆలోచన బుఫాన్‌కి ముందే వచ్చిందని కమిషన్‌లో చెప్పేదాకా ఆయనకి తెలీదు. అయినా ఆగలేదు. ఒక్కో వలయం వంపు విడిగా లెక్క కట్టి, సోలే అనే కళ్ళద్దాల నిపుణుడితో చేయించాడు. 1823 జులైలో జిరోండ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న కోర్డువాన్ లైట్‌హౌస్‌లో అది వెలిగింది.

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 60 మీటర్ల ఎత్తులో దీపం ఉంటే, అక్కడినుంచి సముద్రపు అంచు సుమారు 28 కిలోమీటర్ల దూరం. ఆ అంచు అడ్డంగా గీసిన గీతకి పావు డిగ్రీ కింద ఉంటుంది. పెద్ద ఫ్రెనెల్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ 92 సెంటీమీటర్లు. లెక్క వేసి చూడండి, మంట 4 మిల్లీమీటర్లు పైకో కిందకో జరిగితే చాలు, కిరణం పావు డిగ్రీ తప్పుతుంది. ఎంత నూనె పోసినా, మంట ఎత్తు కుదరకపోతే దండగ.

మన కార్లో కూడా జరిగేది ఇదే, కాకపోతే తలకిందులుగా. లైట్‌హౌస్ ఎదుటివాడి కంటికి తగలాలి. డిమ్ లైట్ ఎదుటివాడి కంటికి తగలకూడదు. మామూలుగా డిమ్ బీమ్ పై అంచు 1 శాతం కిందకి వాలి ఉంటుంది, అంటే 10 మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్లు. లైటు నేలకి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఆ అంచు 70 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా లగేజీ పెడితే బండి ముక్కు పైకి లేస్తుంది. అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ లేస్తే చాలు, ఆ అంచు ఇక రోడ్డును తాకదు, నేరుగా ముందుకు పోతుంది. ఎదురుగా బైక్ మీద వచ్చేవాడికి రోడ్డు పక్కన నడిచే మనిషి కనబడడు.

అందుకే చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా చిన్న చక్రం ఉంటుంది. బరువు పెరిగితే నంబర్ పెంచాలి, బీమ్ దిగుతుంది. అసలు సెట్టింగే తప్పితే హెడ్‌లైట్ వెనక స్క్రూ ఉంటుంది. సమంగా ఉన్న నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, గోడకి 10 మీటర్ల దూరంలో బండి పెట్టి, లైటు ఎత్తు గోడ మీద గుర్తు పెట్టి, అంచు దానికి 10 సెంటీమీటర్లు కింద పడేదాకా తిప్పాలి. మన దగ్గర ఎడమవైపు అంచు కాస్త పైకి లేచి ఉండటం మామూలే, అది రోడ్డు పక్కన మనుషుల్ని చూపించడానికి. హాలోజన్ బల్బు తీసేసి దానికోసం చేయని ఎల్ఈడీ పెట్టిస్తే వచ్చే గొడవ కూడా ఫోకస్ గొడవే. అక్కడ ఫోకల్ లెంగ్త్ కొన్ని సెంటీమీటర్లే కాబట్టి ఒక్క మిల్లీమీటరు తేడా కూడా చాలా ఎక్కువ.

ఫ్రెనెల్‌కి తన పని ఫలితం చూసుకునే సమయం పెద్దగా దొరకలేదు. కోర్డువాన్ వెలిగిన ఏడాదే అకాడమీ సభ్యుడయ్యాడు. 1824లో రక్తం కక్కుకున్నాడు, క్షయ. మిగతా బాధ్యతలు వదులుకున్నా లైట్‌హౌసులు వదల్లేదు. 1825లో ఫ్రాన్స్ తీరమంతా ఎక్కడెక్కడ ఏ దీపం ఉండాలో, 51 లైట్‌హౌసులతో మ్యాప్ వేశాడు. లండన్ రాయల్ సొసైటీ ఇచ్చిన రమ్‌ఫర్డ్ పతకాన్ని, మంచం మీద ఉన్న ఆయనకి అరాగో తెచ్చి ఇచ్చాడు. కొద్ది రోజులకే, 1827 జులై 14న ఫ్రెనెల్ చనిపోయాడు. లైట్‌హౌసుల పని తమ్ముడు లియొనోర్ కొనసాగించాడు.

ఆయన ఏ నావికుడి పేరు కూడా తెలియకుండానే వాళ్ళ కళ్ళ ఎత్తు లెక్క కట్టాడు. మనకి ఎదురుగా బండి మీద వచ్చేవాడి పేరు కూడా తెలీదు. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు డిక్కీ నిండా సామాను సర్దితే, బయల్దేరే ముందు ఆ చిన్న చక్రం ఒకసారి తిప్పండి. రెండు సెకన్ల పని.