నాకా గారి పదకొండు చెట్లు

జాన్ నాకా. పేరు మొదటిసారి చూసినప్పుడు "నాకా?" అనుకుని నవ్వుకున్నాను. ఆయన కథ చదివాక నవ్వు పోయింది.

1914లో అమెరికాలోని కొలరాడోలో, జపనీస్ కుటుంబంలో పుట్టారు. ఎనిమిదేళ్ళప్పుడు జపాన్ వెళ్ళి, తాతగారి దగ్గర బోన్సాయ్ నేర్చుకున్నారు. 21 ఏళ్ళకి తిరిగొచ్చేశారు. 1946లో లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడ్డారు.

1948లో రెండు జూనిపర్ మొక్కలు పట్టుకున్నారు. కొమ్మలకి తీగ చుట్టి వంచడం, కత్తిరించడం, మళ్ళీ ఏళ్ళకేళ్ళు ఆగడం. 1964లో ఇంకొన్ని కలిపి, ఒకే పళ్ళెంలో చిన్న అడవిలా నాటారు. మనవలు ఏడుగురు కాబట్టి ఏడు చెట్లు. 1973కి మనవలు పదకొండు మంది, చెట్లూ పదకొండు. ఆ అడవి పేరు గోషిన్, అంటే ఆత్మకు రక్ష.

అంత ప్రాణంగా పెంచి, 1984లో వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బోరేటమ్‌లో ఉంచడానికి ఇచ్చేశారు. ఎలా ఇవ్వబుద్ధయిందో అనుకున్నాను. కానీ బోన్సాయ్‌కి రోజూ ఎవరో ఒకరు నీళ్ళు పొయ్యాలి కదా, మనం పోయాక కూడా. 2004లో, నేను పుట్టకముందే, ఆయన పోయారు. గోషిన్‌ని ఇప్పుడు వేరేవాళ్ళు చూసుకుంటున్నారు.

నేను పుట్టినప్పుడు మా తాతయ్య ఊళ్ళో ఒక మామిడి మొక్క నాటాడు. తాతయ్య లేడు. దానికి నేను ఇంతవరకు ఒక్క చెంబు నీళ్ళు పొయ్యలేదు. ఈ సెలవులకి ఊరెళ్తున్నాను.